పిల్లలను కంప్యూటర్ ల్యాబ్‌కి తీసుకెళ్లే ముందు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నెట్‌లో సమాచారం వెతకడం నేర్పే టీచర్లు ముందే చూసుకోవాల్సినవి:

• ఇవ్వబోయే ప్రశ్నను మీరే ఒకసారి వెతకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం వెతికితే కొన్నిచోట్ల 1897, కొన్నిచోట్ల 1898 అని ఉంటుంది. ఊరు పాండ్రంగి అని కొందరు, మోగల్లు అని కొందరు రాశారు. ఇలాంటి ప్రశ్న దొరికితే వదలొద్దు. మొదటి లింకు చూసి రాసేసే అలవాటు పోవాలంటే ఆ తేడాను పిల్లలు తమ కళ్లతో చూడాలి. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆధారం ఏమిటి అని వాళ్లచేతే అడిగించండి.

• తెలుగులో, ఇంగ్లీషులో రెండుసార్లు వెతికించండి. వికీపీడియా వ్యాసం దగ్గరే ఆగిపోకుండా దాని కింద ఇచ్చిన మూలాలు తెరవమనండి.

• ఏఐ ఇచ్చే జవాబు తప్పైనా నమ్మకంగానే వినిపిస్తుంది. మరోచోట సరిచూడకుండా నోట్‌బుక్‌లో రాయనివ్వొద్దు.

• సేఫ్ సెర్చ్ (పిల్లలు చూడకూడనివి వెతికినప్పుడు రాకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉందా చూడండి.

• పేరు, ఫోన్ నంబర్, ఫొటో అడిగే సైట్లలో పిల్లలతో ఖాతాలు తెరిపించవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూడాలి, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

• ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోతే ఫోన్ చేయాల్సిన 1930 నంబర్ బోర్డు మీద రాసి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పమనండి.

• కరెంటు పోతుందేమో, రెండు మూడు పేజీలు ప్రింట్ తీసి పెట్టుకోండి.