పటగోనియా మారుమూలకు మూడు వారాలు: ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న ప్రాంతమే పటగోనియా. చిలీ దక్షిణాన పువెర్తో మాంత్ నుంచి విల్లా ఓ'హిగ్గిన్స్ దాకా దాదాపు 1,240 కిలోమీటర్ల రోడ్డు ఉంది. పేరు కర్రెతేరా ఆస్ట్రాల్. 1976లో పని మొదలైన ఈ దారి దక్షిణ భాగంలో ఇప్పటికీ చాలావరకు కంకరే. దూరం చూసి వారం సరిపోతుందనుకోకండి. మూడు వారాలు పెట్టుకోండి.

1. నెల ఎంచుకోండి. అక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా వేసవి. జనవరి, ఫిబ్రవరిలో చిలీ వాళ్లకే సెలవులు కాబట్టి గదులు దొరకడం కష్టం. నన్నడిగితే మార్చి మొదటి సగం మేలు. వేసవైనా వానకోటు, చలికోటు తప్పవు.

2. ముందు పడవల తేదీలు ఖాయం చేసుకోండి. అసలు ప్లాన్ ఇదే. ఈ రోడ్డు మధ్యమధ్యలో నీళ్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ కారుతో సహా పంటు ఎక్కాలి, మన గోదావరి మీద ఎక్కినట్టే. ఓర్నోపిరేన్ నుంచి కలేతా గొన్సాలో వైపు వెళ్లే పంటుకు ముందే టికెట్ తీసుకోవాలి. దక్షిణాన పువెర్తో యుంగాయ్ దగ్గర పంటుకు టికెట్ అక్కర్లేదు, కానీ రోజుకు కొన్ని ట్రిప్పులే. ఆఖరిది వెళ్లిపోతే రాత్రి అక్కడే. అందుకే పంటు రోజులు కాగితం మీద రాసుకుని, మిగతా రోజులు వాటి చుట్టూ సర్దుకోండి.

3. ఖాళీ రోజులు వదలండి. రోజుకు 150 కిలోమీటర్లు మించొద్దు. క్యూలాత్ జాతీయ పార్కులో కొండ అంచున వేలాడే హిమనదం మబ్బు పడితే కనిపించదు, మర్నాడు మళ్లీ వెళ్లాలి. పువెర్తో రియో త్రాంకిలో దగ్గరి పాలరాతి గుహలకు పడవలోనే వెళ్లాలి, గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. వీధులకు బదులు చెక్క వంతెనలున్న కలేతా తోర్తెల్‌లో రెండు రాత్రులైనా ఉండండి. ఆ ఊరు తొందరలో చూసేది కాదు.

4. డబ్బు, పెట్రోలు, తిండి. దారిలో పెద్ద ఊరు కొయాయికే. నగదు అక్కడే తీసుకోండి. బంకు కనబడితే ట్యాంకు సగమున్నా నింపించండి. శాకాహారులకు బియ్యం, పప్పు, చిన్న స్టవ్వు దగ్గరుంటే ధైర్యం. ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు తీసుకెళ్తుంటే చిలీలో దిగగానే ఫారంలో తప్పక రాయండి. మొక్కలకు, జంతువులకు సంబంధించిన ఏ తిండి దాచినా జరిమానా పడుతుంది.

5. కాగితాలు. అర్జెంటీనాలోకీ వెళ్లాలనుకుంటే దాని వీసా నిబంధనలు విడిగా చూసుకోండి. అద్దె కారును సరిహద్దు దాటించడానికి కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం కావాలి. చాలా రోజుల ముందే అడగండి.

6. తిరుగు విమానం చివర్లో బుక్ చేయండి. విల్లా ఓ'హిగ్గిన్స్ తర్వాత కారు దారి లేదు. సరస్సు మీద పడవ, ఆపైన నడక లేదా సైకిల్‌తో అర్జెంటీనాలోని ఎల్ చాల్తేన్ ఊరు చేరవచ్చు. గాలి ఉధృతంగా ఉంటే ఆ పడవ రెండు మూడు రోజులు కదలదు. ఆ రోజులు కలుపుకున్నాకే టికెట్ తేదీ వేయండి.