పిల్లలకు తొలి రాత పనిముట్లు, అచ్చు గురించి ఎలా నేర్పాలి?

ఐదారేళ్ల పిల్లలకు "ఐదువేల ఏళ్ల కిందట" అని చెబితే ఏమీ అందదు. మొన్న పండగ కూడా వాళ్లకు ఎప్పుడో జరిగినట్టే ఉంటుంది. అందుకే ముందు పని చేయించండి. చేతికి ఇబ్బంది తెలిశాకే కథ చెప్పండి. మట్టి పలక బరువుగా ఉందని పిల్లలు తమ నోటితో అన్నాక, అంతకన్నా తేలికైనది ఎలా దొరికిందో చెబితే కదలకుండా వింటారు.

5 నుంచి 8 ఏళ్ల వాళ్లకు ఇది బాగా సరిపోతుంది. రోజుకొక పని, అరగంటకు మించొద్దు. బంకమట్టి, ఐస్‌క్రీం పుల్లలు, ఒక రెల్లు పుల్ల లేదా సన్నటి వెదురు పుల్ల, పెద్ద ఈక, పోస్టర్ కలర్, అట్టముక్కలు, పురికొస, జిగురు, స్పాంజి దగ్గర పెట్టుకోండి. చాకు పని, దీపం పని పెద్దవాళ్లే చేయాలి.

మొదటి రోజు: మట్టి పలక

బంకమట్టిని అరచేతి వెడల్పున, వేలి మందాన చదును చేయించండి. ముందు పుల్లతో ఒక గీత గీయమనండి. పుల్ల కదిలినకొద్దీ మట్టి అంచులకు పేరుకుని గీత చిందరవందరగా వస్తుంది. ఇప్పుడు పుల్లను లాగకుండా, దాని మూలతో నొక్కి తీయమనండి. శుభ్రమైన గుర్తు పడుతుంది. నేటి ఇరాక్‌లో ఉన్న ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3200 ప్రాంతంలో మొదలైన రాత క్రమంగా మేకుల ఆకారంలోకి మారడానికి ఈ తేడాయే కారణం. మొదట బొమ్మలు గీసేవాళ్లు, తర్వాత రెల్లు పుల్లతో నొక్కడం అలవాటైంది.

ఆ తొలి పలకల మీద ఎక్కువగా ఉన్నవి కథలు కావు, లెక్కలు. ఎంత ధాన్యం వచ్చింది, ఎన్ని గొర్రెలున్నాయి, ఇలాంటివి. కాబట్టి పిల్లల చేత కూడా లెక్కే రాయించండి. బంతి గుర్తు, పక్కన మూడు నొక్కులు. మర్నాడు పలక ఎండాక "నాలుగో బంతి వచ్చింది, మార్చు" అనండి. మారదు. నాలుగైదు పలకలు సంచిలో వేసి మోయించండి. ఇక మీరు వివరించాల్సింది పెద్దగా ఉండదు.

రెండో రోజు: సిరా

దీపం మీద కాసేపు పింగాణీ పళ్లెం పట్టి మసి తీసి ఉంచండి. కొంత మసిని మామూలు నీళ్లలో, కొంత తుమ్మబంక నానబెట్టిన నీళ్లలో కలిపించండి. మామూలు నీళ్లలో మసి సరిగా కలవదు, పైన తేలుతుంది. రెండింటితోనూ రాయించి, ఆరాక వేలితో రుద్దమనండి. బంక లేని రాత చెరిగిపోతుంది. ప్రాచీన ఈజిప్టులో నల్ల సిరాకు ఇవే ముఖ్యం: మసి, బంక, నీళ్లు. దాన్ని సన్నటి పుల్లతో పపైరస్ మీద రాసేవాళ్లు. పపైరస్ అంటే నీటి మొక్క కాడను చీల్చి, ఆ పట్టీలను అడ్డంగా, నిలువుగా పరిచి అదిమి చేసిన తేలికైన రేకు. తాటాకు మీద పద్ధతి వేరు: ముందు గంటంతో గీరి, తర్వాత ఆ గాట్లలో మసి రుద్దుతారు.

తర్వాత ఈకతో రాయించండి. యూరప్‌లో వందల ఏళ్ల పాటు ఎక్కువగా పెద్దబాతు ఈకలే కలాలు. "పెన్" అనే మాట కూడా ఈక అని అర్థమున్న లాటిన్ పదం నుంచే వచ్చింది. కొన్ని మాటలకే సిరా అయిపోతుంది, మళ్లీ ముంచాలి. పిల్లలు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఆ విసుగు రేపటి పాఠానికి పనికొస్తుంది.

మూడో రోజు నుంచి: అచ్చు

తొందరపడకండి, దీనికి రెండు రోజులు పడుతుంది.

ముందు "పలక" అనే మాటను పదిసార్లు చేత్తో రాయించండి. చేయి నొప్పి పుడుతుంది. ఇప్పుడు ప, ల, క అక్షరాలను పల్చటి కాగితం మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా, విడివిడిగా రాయించి కత్తిరించండి. ఒక్కో కాగితాన్ని బోర్లా తిప్పి అట్టముక్కకు అతికించండి. వెనకనుంచి అక్షరం తిరగబడి కనిపిస్తుంది. ఆ గీతల వెంబడి జిగురు రాసి పురికొస అతికించి, పైన పల్చగా ఇంకో పూత జిగురు వేసి రాత్రంతా ఆరనివ్వండి. ఆ పూత లేకపోతే పురికొస రంగంతా పీల్చేస్తుంది.

మర్నాడు స్పాంజితో రంగు పల్చగా అద్ది, కాగితం మీద పెట్టి, జరపకుండా నిలువుగా నొక్కాలి. మచ్చలు పడితే రంగు ఎక్కువైందన్నమాట. తిరగబడ్డ అక్షరం కాగితం మీద సరిగ్గా పడగానే పిల్లల ముఖం చూడండి. నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన క్షణం అదే.

ఇప్పుడు మూడు అట్టముక్కలనూ ఒక పెద్ద అట్ట మీద "ప, ల, క" వరసలో, రెండువైపులా అతుక్కునే టేపుతో పెట్టమనండి. సరిదిద్దకండి. రంగు అద్ది నొక్కితే "కలప" అని పడుతుంది! అచ్చులో అక్షరాలే కాదు, వరస కూడా తిరగబడుతుంది. కుడి నుంచి ఎడమకు పేర్చాలని పిల్లలే కనిపెడతారు. ముక్కలు విడదీసి "కల" కూడా వేయించండి. ఈసారి "పలక"ను పదిసార్లు అచ్చువేసి, చేత్తో రాసిన పదితో పక్కపక్కన పెట్టండి.

కథ చెప్పాల్సింది ఇక్కడే. మొదట పేజీ మొత్తాన్నీ ఒకే చెక్క మీద తిరగేసి చెక్కేవాళ్లు. అలా చైనాలో 868లో అచ్చయిన వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం ఇప్పటికీ ఉంది. పేజీ మారితే కొత్త చెక్క కావాలి. 1040ల్లో చైనాలోనే బీ షెంగ్ ఒక్కో అక్షరాన్ని మట్టితో చేసి కాల్చి, ఇనుప పళ్లెంలో మైనం, పైన్ చెట్టు జిగురుతో అతికించి అచ్చువేశాడు. పని అయ్యాక వేడిచేస్తే అక్షరాలు ఊడి వస్తాయి, మళ్లీ వాడుకోవచ్చు. మన టేపు చేసిన పని అదే. కొరియాలో 1377లో లోహపు అక్షరాలతో పుస్తకం అచ్చయింది. జర్మనీలోని మైంజ్‌లో గూటెన్‌బర్గ్ లోహపు అక్షరాలు, నొక్కే మర, లోహానికి పట్టే నూనె సిరా కలిపి 1455 నాటికి బైబిల్ అచ్చువేశాడు. సుమారు 180 ప్రతులని అంచనా.

పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టించొద్దు. "అదే అక్షరంతో ఇంకో మాట వస్తుందా?" అని అడిగితే చాలు. అట్టముక్కలు దాచిపెట్టి, మర్నాడు వ, డ చేర్చండి. వల, పడవ, వడ, కడవ... ఎన్ని మాటలు వస్తాయో పిల్లల్నే లెక్కపెట్టనివ్వండి.