ఈసీయూ ట్యూనింగ్ కొత్తగా నేర్చుకునేవారికి సమస్య - పరిష్కారం

ఇంజిన్ సరిగా నడవడం లేదని గమనించగానే లాప్‌టాప్ తెరిచి ఇంధన పట్టికలో (ఏ వేగం, ఏ లోడ్ దగ్గర ఎంత ఇంధనం పోయాలో నిర్ణయించే అంకెల గడులు) అంకెలు మార్చడం కొత్తగా ట్యూనింగ్ నేర్చుకునేవారిలో ఎక్కువమంది చేసే మొదటి పొరపాటు. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, ఇంజిన్‌ను నేరుగా చూడలేదు. సెన్సర్లు పంపే వోల్టేజీలను నమ్మి లెక్క వేస్తుంది. ఆ వోల్టేజీ తప్పుగా వస్తుంటే పట్టికను ఎంత దిద్దినా ఆ తప్పును మరో చోటికి జరపడమే అవుతుంది. అందువల్ల ఇక్కడ ప్రతి సమస్యలోనూ మొదట కొలతను, తరువాత యంత్రభాగాలను, ఆఖరున మాత్రమే పట్టికను అనుమానించే పద్ధతిని పాటించాను. చెప్పేదంతా పెట్రోలు ఇంజిన్లకు సంబంధించినది.

ముందుగా ఒక పదం గురించి చెప్పాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ స్థితిని లాంబ్డా 1 అంటారు. ఇంధనం అంతకన్నా తక్కువైతే మిశ్రమం లీన్ (లాంబ్డా 1 కన్నా ఎక్కువ), ఎక్కువైతే రిచ్ (1 కన్నా తక్కువ). పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిస్తే ఆ 14.7 సుమారు 14.1కి తగ్గుతుంది కానీ లాంబ్డా 1 అర్థం మారదు. కాబట్టి మొదటి రోజు నుంచే గాలి-ఇంధన నిష్పత్తిలో కాకుండా లాంబ్డాలో ఆలోచించడం అలవాటు చేసుకోవడం మంచిది.

ఏ సమస్యకైనా ముందు: చల్లని ఇంజిన్‌పై పరీక్ష

రాత్రంతా ఆపి ఉంచిన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, తెరపై కనిపించే అంకెలను చదవాలి. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ సముద్రమట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్స్, 1000 మీటర్ల ఎత్తులో సుమారు 90 చూపాలి. కూలెంట్ సెన్సర్ మైనస్ 40 డిగ్రీలు చూపుతోందంటే వైరు తెగిందని గానీ కనెక్టర్ ఊడిందని గానీ అర్థం. ఈసీయూ మాత్రం దానిని నిజమైన చలిగానే తీసుకుని అవసరానికి మించి ఇంధనం పోస్తుంది. ఫ్యాక్టరీదాని బదులు విడిగా కొన్న స్టాండలోన్ ఈసీయూ అమర్చినట్లయితే త్రాటిల్ సెన్సర్‌ను కూడా కాలు తీసిన స్థితిలో 0 శాతానికి, పూర్తిగా నొక్కిన స్థితిలో 100 శాతానికి కాలిబ్రేట్ చేయాలి. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. దీనిని దాటవేసి మొదలుపెట్టిన ట్యూన్‌ను నేను నమ్మను.

సెల్ఫ్ మోటారు తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

మోటారు తిరుగుతున్నప్పుడు తెరపై ఆర్‌పీఎం సున్నాగానే ఉంటే ఇంధనం గురించి ఆలోచించనక్కరలేదు. క్రాంక్ సెన్సర్ సంకేతం ఈసీయూకు అందడం లేదు. వైరింగ్, సెన్సర్‌కూ పళ్ల చక్రానికీ మధ్య ఉండవలసిన ఖాళీ, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న చక్రం రకం (ఉదాహరణకు 60 పళ్ల స్థానాల్లో రెండు లేని 60-2, లేదా 36-1) ఇంజిన్‌లో ఉన్నదానితో సరిపోతోందో లేదో చూడాలి.

ఆర్‌పీఎం కనిపిస్తూ, ఇంజిన్ దగ్గినట్లు ఆగిపోతూ, ఎగ్జాస్ట్ నుంచి గానీ ఇన్‌టేక్ నుంచి గానీ పేలుడు శబ్దం వస్తుంటే స్పార్క్ తప్పు సమయంలో పడుతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఇగ్నిషన్‌ను (పిస్టన్ పై స్థానానికి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలన్నది) 10 డిగ్రీల దగ్గర స్థిరంగా లాక్ చేసి, టైమింగ్ లైట్‌తో క్రాంక్ పుల్లీపై గుర్తు కూడా 10 డిగ్రీలే చూపే వరకు ట్రిగ్గర్ ఆఫ్‌సెట్‌ను (క్రాంక్ సెన్సర్ సంకేతానికీ పిస్టన్ పై స్థానానికీ మధ్య ఉన్న కోణం) సరిచేయాలి. ఇంజిన్ నడవడం మొదలయ్యాక 3000 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ చూడాలి. వేగం పెరిగే కొద్దీ గుర్తు పక్కకు జరుగుతుంటే, ముఖ్యంగా రెండు వైర్ల మాగ్నెటిక్ సెన్సర్ ఉన్నప్పుడు, ఆ వైర్లు తారుమారై ఉండే అవకాశం ఎక్కువ. ఈ పని పూర్తికాకుండా ఇగ్నిషన్ పట్టికలో రాసే ఏ అంకెకూ అర్థం ఉండదు, ఎందుకంటే తెరపై 25 డిగ్రీలని చూపుతున్నప్పుడు ఇంజిన్‌లో నిజంగా పడుతున్నది 33 డిగ్రీలు కావచ్చు.

ప్లగ్‌లు విప్పితే పెట్రోలుతో తడిసి ఉన్నాయంటే ఇంధనం ఎక్కువైంది. చాలా ఈసీయూలలో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ తిప్పితే ఇంజెక్టర్లు ఆగి, సిలిండర్లు ఆరే ఏర్పాటు ఉంటుంది. తరువాత క్రాంకింగ్ ఇంధనాన్ని తగ్గించి మళ్లీ ప్రయత్నించాలి.

సెన్సర్ లీన్ అంటోంది, ఎంత ఇంధనం పెంచినా అదే మాట

ఈ సమస్యపై ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే కొత్తవారి సమయాన్ని ఇంతగా తినేది మరొకటి లేదు.

ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ పెట్రోలును కాదు, ఆక్సిజన్‌ను ఆధారంగా తీసుకుంటుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చిన్న చీలిక ఉందనుకోండి. పొగ దెబ్బదెబ్బకూ మధ్య పీడనం పడిపోయినప్పుడు బయటి గాలి ఆ చీలిక గుండా లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి మిశ్రమం లీన్‌గా ఉందని చెబుతుంది. మిస్‌ఫైర్ విషయంలోనూ ఇంతే. మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా బయటికి వస్తుంది కాబట్టి, అతిగా రిచ్ కావడం వల్ల మిస్ అవుతున్న ఇంజిన్ కూడా తెరపై లీన్‌గానే కనిపిస్తుంది. అది చూసి ఇంధనం పెంచినవారికి మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది. నేర్చుకుంటున్న రోజుల్లో నేనే ఒక గాస్కెట్ లీక్‌ను గుర్తించక, ఐడ్లింగ్ ప్రాంతంలోని గడులన్నింటినీ పెంచుకుంటూ పోయాను. ప్లగ్‌లు విప్పి నల్లటి మసి చూసిన తరువాతే సెన్సర్ మాటను ప్లగ్ మాటతో పోల్చి చూడాలని తెలిసింది.

కాబట్టి క్రమం ఇది. ఎగ్జాస్ట్ లీక్‌ను, ముఖ్యంగా చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే మానిఫోల్డ్ దగ్గర వచ్చే టిక్ టిక్ శబ్దాన్ని, వెతకాలి. ప్లగ్‌లు, కాయిల్స్ చూడాలి. ఇన్‌టేక్ వైపు గొట్టాల్లో వ్యాక్యూమ్ లీక్ ఉందేమో స్మోక్ పరీక్షతో చూడాలి. మండే స్ప్రేలను వేడి ఇంజిన్‌పై కొట్టి వెతకడం నిప్పుతో పని కాబట్టి నేను దానిని సూచించను. ఆ తరువాత ఫ్యూయల్ ప్రెషర్ కొలవాలి. లీక్ ఐడ్లింగ్‌లో ఎక్కువగా ప్రభావం చూపి వేగం పెరిగే కొద్దీ తగ్గుతుంది. ఇంధన సరఫరా లోపం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, లోడ్ పెరిగే కొద్దీ బయటపడుతుంది. ఫ్యాక్టరీ కారులో మిశ్రమం లీన్‌గా ఉందని చెప్పే పీ0171 అనే కోడ్ వచ్చినప్పుడు ఫ్యూయల్ ట్రిమ్‌లను (ఈసీయూ తనంతట తాను చేసుకునే ఇంధన దిద్దుబాటు శాతాలు) ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చదివితే ఈ రెండింటినీ వేరుచేయవచ్చు.

ఎగ్జాస్ట్‌లో ఉన్నది న్యారోబ్యాండ్ సెన్సర్ అయితే అది లాంబ్డా 1కి అటో ఇటో మాత్రమే చెప్పగలదు, ఎంత దూరమో చెప్పలేదు. పట్టికలు రాయడానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. దానికి కరెంటు ఇవ్వకుండా ఎగ్జాస్ట్‌లో బిగించి ఇంజిన్ నడిపితే మసి పట్టి పాడవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాత పట్టిక దిద్దడం తేలిక: పాత వీఈ అంకెను (సిలిండర్ ఎంత గాలి నింపుకుంటుందో చెప్పే శాతం, ఇంధన పట్టిక గడుల్లో ఉండేది ఇదే) కొలిచిన లాంబ్డాతో గుణించి, కావలసిన లాంబ్డాతో భాగించాలి. గడిలో 62 ఉండి, 1.00 కావలసిన చోట 1.08 వస్తుంటే కొత్త అంకె సుమారు 67. ఈ దిద్దుబాటును ఇంజిన్ వేగం, లోడ్ కొన్ని క్షణాలు నిలకడగా ఉన్న కొలతలతోనే చేయాలి. క్లోజ్‌డ్ లూప్ దిద్దుబాటును (ఎగ్జాస్ట్ సెన్సర్‌ను చూసి ఈసీయూ తానే ఇంధనాన్ని సరిచేసుకోవడం) ఆ సమయంలో ఆపివేయాలి, లేకపోతే ఈసీయూ అప్పటికే సరిచేసిన దానినే మీరు మళ్లీ సరిచేస్తారు.

ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం ఊగిసలాడుతోంది

ఐడిల్ వాల్వ్ నియంత్రణను, క్లోజ్‌డ్ లూప్‌ను రెండింటినీ ఆపి, గాలి తెరుపును స్థిరంగా ఉంచి చూడాలి. ఊగడం ఆగిపోతే లోపం నియంత్రణ సెట్టింగుల్లో ఉంది. గెయిన్ విలువలను (తేడా కనిపించినప్పుడు ఈసీయూ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పేవి) తగ్గించాలి. ఆగకపోతే పట్టికలో ఐడ్లింగ్ చుట్టూ ఉన్న గడుల మధ్య హెచ్చుతగ్గులు ఉన్నాయేమో చూసి, వాటిని సమంగా చేయాలి. ఇగ్నిషన్ పట్టికలో కూడా కొంత సాయం తీసుకోవచ్చు: 850 ఆర్‌పీఎం దగ్గర 12 డిగ్రీలు ఉంటే, 700 దగ్గర 16, 1000 దగ్గర 9 అని రాస్తే వేగం పడిపోయినప్పుడు టార్క్ పెరిగి ఇంజిన్ తనంతట తానే వెనక్కి వస్తుంది.

హెడ్‌లైట్లు గానీ రేడియేటర్ ఫ్యాన్ గానీ ఆన్ కాగానే లాంబ్డా మారిపోతుంటే అది వేరే విషయం. వోల్టేజీ తగ్గినప్పుడు ఇంజెక్టర్ తెరుచుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని డెడ్ టైమ్ అంటారు. ఆ పట్టికలో మీ ఇంజెక్టర్‌కు చెందిన విలువలు లేవన్నమాట. తయారీదారు ఇచ్చిన విలువలు రాయాలి. వీఈ పట్టికతో ఈ లోపాన్ని కప్పితే వోల్టేజీ మారిన ప్రతిసారీ అది తిరిగి వస్తుంది.

యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే ఇంజిన్ తడబడుతోంది

లాగ్ (నడుస్తున్నప్పుడు నమోదైన కొలతల గీతలు) చూడండి. త్రాటిల్ తెరుచుకున్న వెంటనే లాంబ్డా పైకి ఎగిసి తిరిగి వస్తే తాత్కాలికంగా లీన్ అయింది. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌ను (త్రాటిల్ తెరిచిన క్షణంలో అదనంగా పోసే ఇంధనం) కొద్దికొద్దిగా పెంచాలి. కిందికి పడి ఆలస్యంగా వస్తే తగ్గించాలి. పొగ సెన్సర్ వరకు ప్రయాణించే సమయం వల్ల లాగ్‌లో లాంబ్డా గీత త్రాటిల్ గీత కన్నా కాస్త వెనక ఉంటుంది. వీఈ పట్టిక ఒక కొలిక్కి రాకముందు ఈ భాగాన్ని ముట్టుకోవద్దు.

అధిక వేగంలో, పూర్తి లోడ్‌లో లీన్ అవుతోంది

వెంటనే కాలు తీయాలి. పట్టిక సంగతి తరువాత.

కారణం చాలాసార్లు ఇంజెక్టర్ సామర్థ్యంలో గానీ పంపులో గానీ ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక చక్రాన్ని 20 మిల్లీసెకండ్లలో పూర్తిచేస్తుంది. ఇంజెక్టర్ అందులో 17 మిల్లీసెకండ్లు తెరిచే ఉంటే డ్యూటీ 85 శాతానికి చేరినట్టే. అంతకు మించి అంకె పెంచినా ఇంధనం నమ్మకంగా పెరగదు. డ్యూటీ తక్కువగానే ఉండి లీన్ అవుతుంటే లోడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోందేమో గేజ్ పెట్టి చూడాలి: ఫిల్టర్, పంపు, పంపుకు అందే వోల్టేజీ. ఇంజెక్టర్ ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి 3 బార్ నుంచి 4 బార్‌కు పెంచినా దక్కేది సుమారు 15 శాతమే. టర్బో ఇంజిన్‌లో బూస్ట్ ఎంత పెరిగితే ఫ్యూయల్ ప్రెషర్ కూడా అంతే పెరగాలి. రెగ్యులేటర్‌కు వెళ్లే సన్నటి గొట్టం ఊడితే అది జరగదు.

లోడ్‌లో నాకింగ్ వినిపిస్తోంది

మిగిలిన లోపాలు ఇంజిన్‌ను సతాయిస్తాయి. నాకింగ్ పిస్టన్‌ను పగలగొడుతుంది. స్పార్క్ వెలిగించిన మంట ఇంకా చేరకముందే, మిగిలిన మిశ్రమం వేడికీ పీడనానికీ తనంతట తానే అంటుకోవడం వల్ల ఆ లోహపు శబ్దం వస్తుంది. శబ్దం విన్న వెంటనే ఆ లోడ్ ప్రాంతంలో ఇగ్నిషన్‌ను 2 లేదా 3 డిగ్రీలు వెనక్కి తీసి, తరువాత కారణం వెతకాలి. టైమింగ్ లైట్ పరీక్ష నిజంగా చేశారా? ట్యాంకులో ఉన్నది ట్యూన్ రాసినప్పటి ఆక్టేన్ ఇంధనమేనా? లోపలికి వెళ్లే గాలి వేడెక్కుతోందా? పూర్తి లోడ్‌లో సాధారణంగా టర్బో లేని ఇంజిన్‌కు లాంబ్డా 0.85 నుంచి 0.90 మధ్య, టర్బో ఇంజిన్‌కు 0.80 చుట్టుపక్కల లక్ష్యంగా పెడతారు. అక్కడ లీన్‌గా ఉందా?

నాక్ సెన్సర్ చూపే ప్రతి అంకే నాకింగ్ కాదు, వాల్వుల చప్పుడును కూడా అది పట్టుకుంటుంది. అయితే అనుమానం వచ్చినప్పుడు నిజమైన నాకింగ్ అనుకునే పనిచేయాలి. గరిష్ఠ టార్క్ వచ్చే టైమింగ్ దగ్గర ఆ వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. రెండు డిగ్రీలు వెనక్కి ఉంటే పోయే టార్క్ స్వల్పం. ఆ గరిష్ఠ స్థానాన్ని వెతకడం డైనోపై (టార్క్‌ను కొలిచే యంత్రం) చేయవలసిన పని, రోడ్డుపై కాదు.

ఫ్యాక్టరీ ఈసీయూలో అంకె మార్చినా ఏమీ మారలేదు

ఆధునిక ఈసీయూలు డ్రైవరు కోరిన టార్క్‌ను లెక్కించి, దానికి తగినట్లు త్రాటిల్‌ను, ఇగ్నిషన్‌ను అవే సర్దుతాయి. మీరు ఒక పట్టికలో పరిమితి పెంచినా, మరో పట్టికలోని పరిమితి దానిని అడ్డుకుంటుంది. లాగ్‌లో త్రాటిల్ దానంతట అదే మూసుకుంటోందేమో, తుది ఇగ్నిషన్ ఏ దిద్దుబాటు వల్ల తగ్గుతోందో చూడాలి. ఫ్లాష్ చేసిన తరువాత (మార్చిన ఫైలును ఈసీయూలో రాసిన తరువాత) ఫ్యూయల్ ట్రిమ్‌ల వంటి నేర్చుకున్న విలువలు చెరిగిపోయి ఉంటే, అవి మళ్లీ స్థిరపడే వరకు మార్పు మంచిదో చెడ్డదో తేల్చకూడదు.

ఫ్లాష్ మధ్యలో ఆగిపోయింది

ఇగ్నిషన్ ఆపవద్దు, వైరు పీకవద్దు. అదే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ రాయడానికి ప్రయత్నించాలి. చాలా ఈసీయూలలో బూట్‌లోడర్ (కొత్త ఫైలును స్వీకరించే చిన్న ప్రోగ్రామ్) చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి రెండో ప్రయత్నంలో కోలుకోవచ్చు. కుదరకపోతే ఈసీయూను విప్పి బెంచ్‌పై రాయవలసి ఉంటుంది. దీనికి కారణం తరచుగా బ్యాటరీ వోల్టేజీ పడిపోవడం, లాప్‌టాప్ నిద్రలోకి వెళ్లడం. రాసే సమయమంతా నిలకడైన వోల్టేజీ ఇచ్చే చార్జరు తగిలించి, ఒరిజినల్ ఫైలును ముందే చదివి రెండు చోట్ల భద్రపరచాలి.

మధ్యాహ్నం చక్కగా నడిచిన కారు మరుసటి ఉదయం స్టార్ట్ కావడం లేదు

వేడి ఇంజిన్‌పై చేసిన ట్యూన్‌కు చల్లని ఇంజిన్ సంగతి తెలియదు. చల్లని గోడలపై ఇంధనం ఆవిరి కాకుండా అంటుకుపోతుంది. అందుకు క్రాంకింగ్ ఇంధనం, స్టార్ట్ అయిన తరువాతి ఎన్‌రిచ్‌మెంట్, వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ అనే మూడు పట్టికలు కూలెంట్ ఉష్ణోగ్రతను బట్టి వేర్వేరుగా ఉంటాయి. ఇంజిన్ అందుకోకపోతే మొదటిది, అందుకుని కొన్ని క్షణాల్లో ఆగితే రెండోది, ఒక నిమిషం తరువాత తడబడితే మూడోది దిద్దాలి. నిజమైన కోల్డ్ స్టార్ట్ రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. కాబట్టి ప్రతి ఉదయం కూలెంట్ ఉష్ణోగ్రతను, మార్చిన ఒకే ఒక అంకెను, ఇంజిన్ అందుకోవడానికి పట్టిన సెకండ్లను నోటుపుస్తకంలో రాసుకుని, ఆ ఉష్ణోగ్రతకు చెందిన గడిని మాత్రమే ముట్టుకోవాలి. చలికాలపు గడులను చలికాలం వచ్చే వరకు అంచనా విలువలతోనే వదిలేయాలి.