రోహిణి కార్తెలో గులాబీ రంగు నిలవాలంటే

విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని ల్యాబులో ఖాళీ బీకరు కూడా చేతికి వేడిగా తగులుతుంది. అలాంటి గదిలో సల్ఫా మందులకు రంగు తెప్పించి కొలవాల్సిన ఎం.ఫార్మసీ పిల్లల కోసం రాస్తున్నాను.

1939లో బ్రాటన్, మార్షల్ చెప్పిన పద్ధతే మనం చేసేది. మందును ఆమ్లంలో సోడియం నైట్రైట్‌తో డయజొటైజ్ చేస్తాం, అంటే డయజోనియం లవణంగా మారుస్తాం. మిగిలిన నైట్రైట్‌ను అమ్మోనియం సల్ఫమేట్‌తో పోగొడతాం. ఆపైన ఎన్‌ఈడీ (డయజోనియంతో కలిసి రంగునిచ్చే రసాయనం) కలిపితే గులాబీ రంగు వస్తుంది, దాన్ని స్పెక్ట్రోఫొటోమీటరులో 540 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతాం. ఇందులో వేడికి ఓర్వనిది డయజోనియం. 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచకపోతే విరిగిపోతుంది, అందులోని నైట్రోజన్ గాలిలో కలిసిపోతుంది. పలచని ద్రావణాలు 25 డిగ్రీల గదిలో కాసేపు ఆగుతాయేమో, 40 దాటిన గదిలో మాత్రం ఆ ధీమా వద్దు.

ఒకసారి నేను ఐస్ కరిగిపోయిందని గమనించలేదు. అన్నిటికన్నా ముదురుగా రావాల్సిన ఆరో ఫ్లాస్కు నాలుగోదానికన్నా పలచగా వచ్చింది. తప్పు టాబ్లెట్లదనుకుని రెండు రోజులు వాటినే నూరుతూ కూర్చున్నాను.

అందుకే పని ఉదయం ఎనిమిదింటికల్లా మొదలుపెట్టండి. ఐస్ సన్నగా కొట్టి కాసిని నీళ్లు పోస్తే ఫ్లాస్కు చుట్టూ అంటుకుంటుంది. చల్లగానే ఉందని చేత్తో చూసి తేల్చకండి, థర్మామీటరు అందులోనే ఉంచండి. ఐస్‌లో వేసే ఉప్పును నైట్రైట్ సీసా పక్కన అస్సలు పెట్టొద్దు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నైట్రైట్ కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

సల్ఫమేట్ వేశాక బుడగలు ఆగేదాకా రెండు మూడు నిమిషాలు కదుపుతూ ఆగండి. నైట్రైట్ మిగిలితే ఎన్‌ఈడీని పాడుచేస్తుంది. ఎన్‌ఈడీ ద్రావణం గోధుమరంగుకు తిరిగితే పారబోసి కొత్తది చేసుకోండి.

రంగు వచ్చేసాక ఇక చల్లదనంతో పనిలేదు. పైగా కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, చల్లటి ద్రావణం పోసిన క్యూవెట్‌కు (రీడింగ్ తీసే చిన్న పారదర్శక గొట్టానికి) బయట సన్నటి మంచుపొర పడుతుంది. అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలాంటిదే. అది ఉన్నంతసేపూ రీడింగ్ పైపైకి పోతుంది. ద్రావణం గది వేడికి వచ్చాకే చదవండి. గరుకు వైపులే పట్టుకుని, నునుపు వైపులు టిష్యూతో తుడవండి.

మధ్యలో కరెంటు పోతే స్పెక్ట్రోఫొటోమీటరు దీపాన్ని మళ్లీ అరగంట వేడెక్కనిచ్చి, మందు తప్ప అన్నీ కలిపిన బ్లాంక్‌తో సున్నా పెట్టుకోండి.

డయజోనియం ద్రావణాన్ని గిన్నెలో ఎండిపోయేలా వదిలేయకండి, ఎండిన లవణం పేలే ప్రమాదం ఉంది. ఇంటికెళ్లే ముందు ప్రతి ఫ్లాస్కూ కడిగారో లేదో చూసుకోండి.