చిన్నపిల్లలతో బేస్‌బాల్ యాత్ర: ఆరు రోజులు, మూడు స్టేడియాలు, చివర్లో వెంకన్న దర్శనం

న్యూజెర్సీ తెలుగు కుటుంబాలు చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కారు తీస్తాయి. నేరుగా వెళ్లకుండా దారిని కాస్త దక్షిణానికి వంచితే ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, పిట్స్‌బర్గ్ మూడూ వరసలో తగులుతాయి. మూడూ అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ జట్లున్న ఊళ్లే. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా స్టేడియం సుమారు 65 మైళ్లు, అక్కణ్ణుంచి బాల్టిమోర్ 100, బాల్టిమోర్ నుంచి పిట్స్‌బర్గ్ 250, తిరుగు ప్రయాణం 350. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి ఇది సరిపోయే యాత్ర. ఒక్కటే షరతు: టికెట్ కొన్నాం కదా అని తొమ్మిది ఇన్నింగ్సులూ చూసితీరాలన్న పంతం వద్దు. రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, అలాంటివి తొమ్మిదైతే ఆట పూర్తి. ఈ వయసు పిల్లలు కుదురుగా చూసేది ఐదు ఇన్నింగ్సులే. మిగతాది ఎంత దక్కితే అంత లాభం.

ముందు తేదీలు, తర్వాతే హోటళ్లు

ఒక్కో జట్టు సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది, అందులో 81 సొంతూళ్లో. ఇంట్లో ఒక వారం, బయట ఒక వారం అన్నట్టుగా తిరుగుతుంటారు. కాబట్టి ఫిలడెల్ఫియా ఫిలీస్, బాల్టిమోర్ ఓరియోల్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ మూడు జట్లూ ఒకే వారంలో ఇంట్లో ఉండే తేదీలు తక్కువే దొరుకుతాయి. మూడు జట్ల క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని ఇంటి ఆటలకు రంగు వేయండి. ఎక్కడ మూడు రంగులూ కలిస్తే అదే మీ వారం. ఏ వారమూ కలవకపోతే రెండు స్టేడియాలతో సర్దుకోవాలే తప్ప ఊళ్ల మధ్య ముందుకీ వెనక్కీ కారు తిప్పకూడదు. జులై మధ్యలో ఆల్‌స్టార్ విరామమని దాదాపు నాలుగు రోజులు మామూలు ఆటలుండవు. సెలవులు కదా అని ఆ వారమే బుక్ చేసుకుని నాలుక్కరుచుకునేవాళ్లు ఏటా ఉంటారు. ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్ సాయంత్రాలు వణికిస్తాయి, జులై, ఆగస్టుల్లో ఫిలడెల్ఫియా మధ్యాహ్నం ఉక్కపోత మన కోస్తాను తలపిస్తుంది. స్కూళ్లు మూసేశాక జూన్ ఆఖరి వారం అన్నిటికన్నా మేలు.

రోజు విడిచి రోజు ఆట, మధ్య రోజున ప్రయాణమో విశ్రాంతో. బుధవారం మధ్యాహ్నం ఫిలడెల్ఫియా ఆట. గురువారం బాల్టిమోర్ చేరి రేవు పక్కనున్న నేషనల్ అక్వేరియం. శుక్రవారం పగలంతా పడుకోబెట్టి, సాయంత్రం ఓరియోల్స్ ఆట. శనివారం పిట్స్‌బర్గ్ ప్రయాణం. ఆదివారం మధ్యాహ్నం పైరేట్స్ ఆట. సోమవారం పొద్దున్నే దర్శనం, ఆపైన ఇంటిదారి.

బుధవారాన్ని ఎంచుకోవడానికి కారణముంది. పని రోజుల్లో ఆటలు ఎక్కువగా సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య మొదలవుతాయి. జట్టు ఊరు మారాల్సిన రోజున మాత్రం మధ్యాహ్నమే ఆడేస్తారు, అది తరచూ బుధవారమో గురువారమో అవుతుంది. ఫిలడెల్ఫియా అభిమానులకు నోరు కాస్త ఎక్కువ. రాత్రి ఆటలో బీరు తోడైతే పిల్లల చెవిన పడకూడని మాటలు చాలానే పడతాయి. అక్కడ పగటి ఆట దొరికితే వదలకండి.

ఆదివారం ఆటతో ఒక చిక్కుంది. టీవీ ప్రసారం కోసం మధ్యాహ్నం ఆటను రాత్రికి మార్చే అవకాశం ఉంటుంది, ఆ కబురు కొద్ది వారాల ముందే తెలుస్తుంది. రద్దు చేసుకోగల హోటల్ గదులే తీసుకోండి.

ఎండ ఎటు, సీటు ఎటు

టికెట్ ధర కన్నా ముందు చూడాల్సింది నీడ. మధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ సీటు కాలిపోతుంటే నాలుగేళ్ల పిల్ల రెండో ఇన్నింగ్స్‌కే ఏడుపు అందుకుంటుంది. ఇందుకో తేలిక ఉపాయం: ఫోన్‌లో స్టేడియం ఉపగ్రహ చిత్రం తెరిచి, ఉత్తరం పైకి ఉండేలా పెట్టండి. ఏ సీట్ల వీపు పడమరకుందో అక్కడ పొద్దు వాలేకొద్దీ నీడ వస్తుంది. పడమరకు ముఖం పెట్టిన సీట్లలో సూర్యుడు కళ్లలో పడతాడు.

బ్యాట్స్‌మన్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర్నుంచి మైదానంలోకి చూస్తే కుడివైపు ఫస్ట్ బేస్, ఎడమవైపు థర్డ్ బేస్. బేస్ అంటే పరుగు తీసేవాళ్లు తాకుతూ వెళ్లాల్సిన మజిలీ. ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ స్టేడియాల్లో థర్డ్ బేస్ వైపు నీడ. పిట్స్‌బర్గ్ పీఎన్‌సీ పార్కు స్టేడియం తిరిగి ఉన్న దిశ వేరు, అక్కడ ఫస్ట్ బేస్ వైపే నీడ. నది మీద వంతెనలు, ఎత్తైన భవనాలు బాగా కనబడేది థర్డ్ బేస్ వైపు నుంచే, కానీ అక్కడ ఎండ మాడ్చేస్తుంది. పిల్లలుంటే దృశ్యం వదులుకుని నీడ పట్టుకోండి. ఫొటోలు ఆటకు ముందు తీసుకోవచ్చు.

కింది అంతస్తులో, పై అంతస్తు కప్పు కిందికి వచ్చే వెనక వరసల్లో, నడవ పక్క సీట్లు తీసుకోండి. నీడా ఉంటుంది, వానకు రక్షణా ఉంటుంది, మరుగుదొడ్డికి పదడుగుల్లో వెళ్లొచ్చు. పై అంతస్తు టికెట్ చవకే కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, పరుగెత్తే పిల్లాణ్ని పట్టుకోవడం కష్టం. ముందు వరసల మోజు ఉంటే రక్షణ వల వెనకాలే కూర్చోండి. పక్కకు తగిలి ఎగిరే ఫౌల్ బంతి ఒక్క క్షణంలో వచ్చి పడుతుంది, పెద్దవాళ్లకే తప్పుకునే వ్యవధి ఉండదు. 2018 నాటికి 30 జట్లూ కనీసం ఆటగాళ్లు కూర్చునే డగౌట్ చివరిదాకా వల కట్టాయి. ఎక్కడిదాకా ఉందో సీట్ల పటంలో చూసుకోండి.

రెండేళ్ల లోపు పిల్లలకు చాలా చోట్ల టికెట్ అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. కొన్ని స్టేడియాలు వయసు బదులు 32 అంగుళాల ఎత్తు కొలమానంగా పెట్టుకున్నాయి. పెద్దవాళ్ల టికెట్‌తో తొమ్మిదేళ్లు, ఆ లోపు పిల్లల్ని పై అంతస్తులోకి ఉచితంగా పంపే పథకాన్ని ఓరియోల్స్ 2018లో మొదలుపెట్టారు. ఈ ఏడాది నిబంధనలు చూసి కొనండి. టికెట్లన్నీ ఫోన్‌లోనే, బార్‌కోడ్ మారుతుంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ పనిచేయదు. గేటు దగ్గర జనం రద్దీకి నెట్ మందగిస్తుంది, హోటల్లోనే ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోండి.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి పంపరు. కారులో మరిచిపోయిన మందు సీసా కోసం వెనక్కి వెళ్లడం కుదరదని గుర్తుపెట్టుకునే సర్దాలి. 16×16×8 అంగుళాలు దాటిన సంచి రానివ్వరు. కొన్నిచోట్ల ఇంకా చిన్నది, అదీ లోపలిది కనిపించేలా ఉండాలి. పసిబిడ్డ వెంట ఉంటే డయపర్ సంచికి మినహాయింపు ఉంటుంది. గట్టి కూలర్లు, గాజు సీసాలు, లోహపు ఫ్లాస్కులు, స్ప్రే డబ్బాలు వద్దు. సన్‌స్క్రీన్ ట్యూబులో ఉన్నది తీసుకోండి.

ఇంటి తిండి విషయంలో మనవాళ్లు అనవసరంగా మొహమాటపడతారు. ఈ మూడు చోట్లా బయటి తిండి తీసుకెళ్లొచ్చు. చిక్కల్లా స్టీలు డబ్బాతోనే, దాన్ని గేటు దగ్గరే ఆపేసే అవకాశం ఎక్కువ. పులిహోర, చపాతీ చుట్టలు, ఇడ్లీలు పారదర్శకమైన జిప్ కవర్లలో, మనిషికొక పొట్లంగా కట్టండి. పెరుగన్నం ఎండకు పులుస్తుంది, పైగా ఒలుకుతుంది, దాన్ని హోటల్ గదికే ఉంచండి. నీళ్లు మూత తీయని ప్లాస్టిక్ సీసాల్లో ఉండాలి. ఖాళీ అయ్యాక లోపల కుళాయి దగ్గర నింపుకోవచ్చు.

లోపల కొనేటట్టయితే హాట్‌డాగ్‌లో ఉండేది ఎక్కువగా గొడ్డు మాంసం, లేదా పంది మాంసం. శాకాహారులకు పాప్‌కార్న్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా దొరుకుతాయి. ఫ్రెంచ్ ఫ్రైస్ వేయించే నూనెలోనే చికెన్ కూడా వేస్తుంటారు, పట్టింపు ఉంటే అడగండి. వేరుశెనగ ఎలర్జీ ఉన్న పిల్లలతో జాగ్రత్త. పల్లీ తొక్కలు కాళ్ల కింద పరుచుకుని ఉంటాయి. ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం వేరే సీట్లు కేటాయించే ఆటలేమైనా ఉన్నాయేమో జట్టును ముందే అడగండి. నగదు దాదాపు ఎక్కడా తీసుకోరు, కార్డు తప్పనిసరి.

చెవులకు అడ్డుపెట్టే మఫ్‌లు రెండేళ్ల లోపు వాళ్లకు తప్పకుండా కావాలి. హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) పడితే కొన్నిచోట్ల బాణసంచా పేలుస్తారు, ఆ శబ్దానికి జడుసుకున్న పిల్లలు ఇక లోపలికి రామంటారు. శుక్రవారం రాత్రి ఆట తర్వాత బాణసంచా ప్రదర్శన ఉందేమో చూసుకుని, ఉంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే లేవండి.

ఆట రోజు

గేట్లు ఆటకు గంట, గంటన్నర ముందు తెరుస్తారు. అప్పుడే వెళ్తే ఖాళీ ఉంటుంది, వరసలు చిన్నవి. ముందుగా గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి రెండు పనులు చేయండి. పిల్లల మణికట్టుకు సీటు నంబరు, మీ ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టించుకోండి. ‘మొదటి ఆట’ ధ్రువపత్రం అడగండి, చాలా జట్లు ఊరికే ఇస్తాయి. మడిచే స్ట్రోలర్ సీటు కింద పట్టకపోతే అక్కడే అప్పగించొచ్చు.

బాల్టిమోర్‌లో ఈ గంట యూటా వీధికి ఇవ్వండి. 1992లో తెరిచిన క్యామ్‌డెన్ యార్డ్స్ స్టేడియానికీ పాత రైల్వే గిడ్డంగికీ మధ్యనున్న వీధి అది. హోమ్ రన్ బంతి వచ్చి పడిన ప్రతిచోటా నేలలో బంతి ఆకారంలో లోహపు ఫలకం పొదిగారు. ఎవరు ఎక్కువ ఫలకాలు వెతికి పట్టుకుంటారో పందెం పెడితే నలభై నిమిషాలు హాయిగా గడిచిపోతాయి.

ఆటను క్రికెట్ భాషలోనే చెప్పండి. బౌలర్ వేసే బంతి నేలను తాకదు, అన్నీ ఫుల్‌టాస్‌లే. ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. వికెట్ వెనక్కి కొట్టే షాట్లు ఇక్కడ చెల్లవు. ప్రేక్షకుల్లో పడిన బంతి పట్టుకున్నవాళ్లదే, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఈ చివరి మాట ఒక్కటే పిల్లలకు గుర్తుంటుంది! 2008లో ఈ పిట్స్‌బర్గ్ పైరేట్సే రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు భారతీయ కుర్రాళ్లను పిచర్లుగా, అంటే బౌలర్లుగా చేర్చుకున్నారు. వాళ్లు మేజర్ లీగ్ దాకా చేరలేదు గానీ పిల్లలకు చెప్పడానికి మంచి కథ. అంకెలు వచ్చిన పిల్లలకు పిచ్ క్లాక్ చూపించండి, బౌలర్ బంతి వేయడానికి ఇచ్చే గడువు అది: బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 18. ఈ గడియారం 2023లో వచ్చాక మూడు గంటలు దాటే ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది.

తిండి ఒకేసారి పెట్టేయొద్దు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంటి పొట్లం, నాలుగో ఇన్నింగ్స్‌లో లేచి ఒక చుట్టు నడక, ఆరో ఇన్నింగ్స్‌లో ఐస్‌క్రీం. చిన్న హెల్మెట్ ఆకారపు గిన్నెలో ఇస్తారు, అదే జ్ఞాపిక. ఫిలడెల్ఫియాలో పిల్లల ఆటస్థలానికి వెళ్లడానికి నాలుగో ఇన్నింగ్స్ నడక సరైన సమయం. అక్కడ హోమ్ రన్ పడితే పెద్ద నియాన్ గంట ఊగుతుంది, మీ సీటు నుంచి అది ఎటుందో ముందే చూపించి ఉంచండి. పిట్స్‌బర్గ్‌లో మాత్రం ఆట మధ్యలో పియరోగీ పరుగు పందెం తప్పిపోకూడదు. పియరోగీ అంటే బంగాళదుంప కూరిన కజ్జికాయ లాంటిది. ఆ వేషాలు వేసుకుని మనుషులు మైదానం చుట్టూ పరుగెత్తుతారు. పిల్లలు ఆటంతా మరిచిపోయినా దీన్ని మరవరు.

ఆదివారం ఆటల తర్వాత చాలా జట్లు పిల్లల్ని బేస్‌ల చుట్టూ పరుగెత్తనిస్తాయి. పైరేట్స్ ఆ రోజు పెట్టారో లేదో చూసుకుని, ఉంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే వరసలో నిలబడండి. చెప్పులతో కాదు, బూట్లతో.

వాన పడితే

ఉరుములతో ఆట ఆపితే గంట చూడండి, అంతకుమించి వద్దు. ఆట వాయిదా పడితే అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, డబ్బు తిరిగి ఇవ్వరు. ఊరు దాటిపోయే మీకు అది ఎందుకూ కొరగాదు. అందుకే వాన సూచన ఉన్న రోజుకు ఖరీదైన సీట్లు కొనకుండా, ఆట పొద్దున వాతావరణం చూసి కొనండి. పని రోజుల ఆటలకు టికెట్లు సాధారణంగా మిగిలే ఉంటాయి.

కారు, రైలు, వంతెన

ఫిలడెల్ఫియా స్టేడియం ఊరికి దక్షిణపు కొసన ఉంది. నడిబొడ్డులో హోటల్ తీసుకుంటే బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వే చివరి స్టేషన్‌లో దిగితే చాలు. బాల్టిమోర్‌లో రేవు దగ్గరి హోటల్ నుంచి నడిచే వెళ్లొచ్చు. పిట్స్‌బర్గ్‌లో కారు నది ఇవతల డౌన్‌టౌన్ గ్యారేజీలో పెట్టి, ఆట రోజున వాహనాలు ఆపేసే రొబెర్టో క్లెమెంటే వంతెన మీద నడవండి. స్టేడియం పక్క పార్కింగ్‌లో పెడితే ఆటయ్యాక అరగంటకు పైగా కారు కదలదు, పిల్లలు అప్పటికే అలసి ఉంటారు.

శనివారం బాల్టిమోర్ నుంచి పిట్స్‌బర్గ్ దారిలో సుమారు సగం దూరంలో బ్రీజ్‌వుడ్ వస్తుంది. హైవే ఉన్నట్టుండి ట్రాఫిక్ లైట్ల మధ్యకు దిగి, రెండువైపులా పెట్రోలు బంకులు, తిండి కొట్లు కనిపిస్తాయి. అందరూ తిట్టుకునే చోటే గానీ పిల్లలున్నవాళ్లకు ఇంతకన్నా మంచి మజిలీ లేదు. ఆ సాయంత్రం పిట్స్‌బర్గ్‌లో డుకేన్ ఇంక్లైన్ అనే, కొండ మీదికి తాళ్లతో లాగే రైలుపెట్టె ఎక్కించండి. అది 1877లో మొదలైంది.

వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య వెంట ఉంటే టికెట్ కొనేటప్పుడే మెట్లు లేని సీట్లు అడగండి. గట్టి సీటు మీదికి పల్చటి దిండు, బీపీ మాత్రలు మీ సంచిలోనే ఉండాలి. వాళ్లకు ఐదో ఇన్నింగ్స్ కూడా ఎక్కువే. ఒకరు వాళ్లను తీసుకుని ముందే హోటల్‌కు వెళ్లేలా మాట్లాడుకోండి.

గుడి పెన్‌హిల్స్‌లో, డౌన్‌టౌన్‌కు తూర్పున ఉంది. సోమవారం దర్శనం చేసుకుని, క్యాంటీన్ వేళలు కుదిరితే పులిహోర కట్టించుకుని టర్న్‌పైక్ ఎక్కండి. అక్కడ టోల్‌కు నగదు తీసుకోరు. కారులో పెట్టుకునే టోల్ పాస్ ఇ-జెడ్‌పాస్ లేకపోతే నంబరు ప్లేటు ఫొటో తీసి ఎక్కువ రేటుతో బిల్లు ఇంటికి పంపుతారు. అద్దె కారైతే దాని మీద కంపెనీ రుసుము కూడా పడుతుంది, మీ పాస్ వెంట తెచ్చుకోండి.