మళ్ళీ అవే నంబర్లా? ర్యాండమ్ నంబర్ల తంటాలు: లక్షణం, కారణం, పరిష్కారం

మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు 28. సెల్లార్‌లో పార్కింగ్ స్థలాలూ 28 ఉన్నాయి. కానీ వాటిలో నాలుగింటిలో కారు పెట్టి కిందికి దిగాలంటే యోగాసనాలు వచ్చి ఉండాలి. అందుకే రెండేళ్ళకోసారి లాటరీ తీస్తాం. కిందటిసారి చీటీలు మానేసి, మూడో అంతస్తు ఇంజినీరింగ్ కుర్రాడు సి భాషలో రాసిన ప్రోగ్రామ్‌తో తీద్దామనుకున్నాం. శనివారం సాయంత్రం కమిటీ వాళ్ళకు ఒకసారి నడిపి చూపించాడు: 304, 102, 401, అలా. ఆదివారం అందరి ముందూ అసలు లాటరీ. మొదట 304 వచ్చింది, తర్వాత 102. మూడో నంబరు తెర మీదికి రాకముందే, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు జేబులోంచి కాగితం తీసి, "ఇప్పుడు 401 వస్తుంది, చూడండి" అన్నారు. వచ్చింది.

ఆ తర్వాత అరగంట సేపు ఎవరు ఎవరిని ఏమన్నారో ఇక్కడ అనవసరం. కుర్రాడు మోసం చేయలేదు, ఒక్క లైను రాయడం మరిచిపోయాడు.

మాదాపూర్ ఆఫీసుల్లో పదిహేనేళ్ళుగా ఈ జాతి బగ్గులు చూస్తున్నాను. నంబర్లు పుట్టించే జనరేటర్‌దే తప్పు కావడం అరుదు. తప్పు దానికి ముందో వెనకో ఉంటుంది. ముందు అంటే మనం దానికిచ్చే సీడ్‌లో, అంటే అది లెక్క మొదలుపెట్టే అంకెలో. వెనక అంటే అదిచ్చిన నంబరును మనకు కావలసిన పరిధికి కుదించే లెక్కలో. కాబట్టి లక్షణం కనబడగానే జనరేటర్‌ను మార్చకండి. ముందు ఆ రెండు చోట్లా వెతకండి.

లక్షణం: ప్రోగ్రామ్‌ను ఎప్పుడు నడిపినా అదే వరుస

కారణం: సీడ్ ఇవ్వలేదు. కంప్యూటర్ ఇచ్చే ర్యాండమ్ నంబర్లు నిజానికి ఒక సూత్రంతో ఒకదాని నుంచి మరొకటి లెక్కగట్టినవి. మొదలుపెట్టే అంకె సీడ్. సీడ్ ఒకటే అయితే వరుసా ఒకటే. సి భాషలో సీడ్ ఇచ్చే ఫంక్షన్ ఎస్‌ర్యాండ్, నంబరిచ్చేది ర్యాండ్. ఎస్‌ర్యాండ్‌ను పిలవకుండా ర్యాండ్‌ను పిలిస్తే సీడ్ 1 ఇచ్చినట్టే లెక్క అని ఆ భాష ప్రమాణంలోనే ఉంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో అయితే సీడ్ 1కి వచ్చే మొదటి మూడు నంబర్లు 41, 18467, 6334. లాగ్‌లో ఈ మూడూ ఈ వరుసలో కనబడితే ఇంకే పరీక్షా అక్కర్లేదు, రోగం తెలిసిపోయినట్టే. గో భాషలో కూడా 1.20 వెర్షన్‌కు ముందు ఇదే తంతు: సీడ్ మీరు ఇవ్వకపోతే 1. 2023లో వచ్చిన 1.20 నుంచి దానంతటదే వేరే సీడ్ తీసుకుంటోంది.

పరిష్కారం: ప్రోగ్రామ్ మొదట్లో ఒకే ఒక్కసారి సీడ్ ఇవ్వండి. చాలామంది గడియారం సమయాన్ని సీడ్‌గా ఇస్తారు. ఆటలకు అది చాలు. కానీ పైన చెప్పిన కంపైలర్‌తో సెకనుకోసారి ప్రోగ్రామ్‌ను కొత్తగా నడిపి చూడండి: ప్రతిసారీ వచ్చే మొదటి నంబరు కిందటి దానికంటే 3 లేదా 4 ఎక్కువగా వస్తుంటుంది! సీడ్‌లో ఒకటి పెరిగితే మొదటి ఫలితం అంతే కదులుతుంది. దీన్ని ర్యాండమ్ అనడానికి నాకు నోరు రాదు. ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరున్న ర్యాండమ్ బైట్లను సీడ్‌గా తీసుకోవడం మేలు.

ఒక్క చోట మాత్రం ఇదే లక్షణం వరం. టెస్టులు వారానికోసారి ఉన్నట్టుండి ఫెయిలై, మళ్ళీ నడిపితే పాసైపోతుంటే, ప్రతి టెస్టూ తన సీడ్‌ను లాగ్‌లో రాసేలా చేయండి. ఫెయిలైన రోజు సీడ్‌ను తిరిగి ఇస్తే ఆ బగ్గు మీ ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

లక్షణం: ఒకే క్షణంలో ఇద్దరికి ఒకే నంబరు, లేదా లూపులో పది నంబర్లూ ఒకటే

కారణం: మళ్ళీ సీడే, వేషం వేరు. లూపు లోపల ప్రతిసారీ సమయంతో సీడ్ ఇస్తున్నారు. సెకను మారేలోపు లూపు వెయ్యిసార్లు తిరిగిపోతుంది, గడియారం మాత్రం అక్కడే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో సీడ్ చెప్పకుండా రెండు ర్యాండమ్ ఆబ్జెక్టులను వెంటవెంటనే తయారుచేస్తే రెండూ ఒకే వరుస ఇచ్చేవి, అవి కూడా గడియారం చూసుకునే పుట్టేవి కాబట్టి. ఒకే సెకనులో లేచిన రెండు సర్వర్లదీ ఇదే కథ.

దీనికో కవల ఉంది, పట్టుకోవడం కష్టం. నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) ఒకటి ఫోర్క్ అయి, అంటే తన నకళ్ళు తీసుకుని పిల్లలను కంటే, తల్లి దగ్గరున్న జనరేటర్ స్థితి మక్కీకి మక్కీగా పిల్లలకు వెళ్తుంది. గచ్చిబౌలిలో మెషీన్ లర్నింగ్ పని చేసే మిత్రుడొకరు నాలుగు ప్రాసెస్‌లతో ఫోటోలను అడ్డదిడ్డంగా తిప్పి మోడల్‌కు నేర్పిస్తున్నాననుకున్నారు. నాలుగూ పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పైని వాడుతున్నాయి, నాలుగూ ఒకే కోణాల వరుసలో తిప్పుతున్నాయి. ఎర్రర్ లేదు, ఫెయిల్ కాలేదు. మోడల్ కాస్త మందబుద్ధిగా తయారైంది, అంతే. మూడు వారాల తర్వాత నాలుగు ఫోటోలను పక్కపక్కన పెట్టి చూస్తే గానీ బయటపడలేదు.

పరిష్కారం: సీడ్ లూపు బయట, ఒక్కసారే. ప్రతి ప్రాసెస్‌కూ వేరే సీడ్. ప్రధాన సీడ్‌కు ప్రాసెస్ సంఖ్య కలిపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ కొన్ని జనరేటర్లలో దగ్గరి సీడ్‌లు దగ్గరి పోలికలతో మొదలవుతాయి. నమ్‌పై 1.17 నుంచి ఒక సీడ్ నుంచి వేర్వేరు పిల్ల సీడ్‌లను పుట్టించే సీడ్‌సీక్వెన్స్ ఉంది, దాన్ని వాడండి.

లక్షణం: కొన్ని అంకెలు ఎక్కువ, కొన్ని తక్కువ

ముందు లెక్క తీయండి. లక్ష నంబర్లు పుట్టించి ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఆ పట్టిక ఆకారమే కారణం చెబుతుంది.

రెండు కొసలూ సగానికి పడిపోయి, మధ్యవన్నీ సమానంగా ఉంటే: రౌండ్ చేశారన్నమాట. సున్నాకూ ఒకటికీ మధ్య నంబరును 9తో గుణించి రౌండ్ చేస్తే, 1 రావడానికి 0.5 నుంచి 1.5 దాకా పూర్తి జాగా ఉంది. 0కి 0.5 వరకే, 9కి 8.5 నుంచి 9 వరకే. 10తో గుణించి ఫ్లోర్ చేయండి, అంటే దశాంశ భాగాన్ని కొట్టేయండి.

మధ్యలో గుట్టలా లేస్తే: రెండు మూడు ర్యాండమ్ నంబర్లను కూడుతున్నారు. అష్టాచెమ్మా ఆడినవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు గవ్వలు వేస్తే రెండు పడినంత తరచుగా అష్ట పడదు. గవ్వ ఎటు పడడానికైనా సమాన అవకాశం ఉందనుకున్నా, 16 రకాలుగా పడవచ్చు: ఏదీ వెల్లకిలా పడకపోవడం ఒక రకం, ఒకటి పడడం నాలుగు, రెండు ఆరు, మూడు నాలుగు, నాలుగూ పడడం ఒకటి. "రెండుసార్లు కలిపితే ఇంకా ర్యాండమ్" అని కూడికలు పెట్టేవాళ్ళు తెలియకుండా గవ్వలే వేస్తున్నారు.

మొదటి అంకెలు బలిసి, చివరివి చిక్కిపోయి ఉంటే: శేషం దోషం. ఇది ఎక్కువ చోట్ల కనబడేది, తక్కువమంది పట్టించుకునేది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ర్యాండ్ ఇచ్చేది 0 నుంచి 32767 వరకు, మొత్తం 32,768 విలువలు. నాలుగంకెల టోకెన్ కోసం దాన్ని 10,000తో భాగించి శేషం తీసుకున్నారనుకోండి. మూడు పూర్తి చుట్లు అయ్యాక ఇంకా 2,768 విలువలు మిగులుతాయి. అవి 0 నుంచి 2767 వరకున్న టోకెన్లకే పోతాయి. వాటికి నాలుగేసి అవకాశాలు, తక్కినవాటికి మూడేసి. అంటే 0150 అనే టోకెన్‌కు 7150 కంటే మూడో వంతు ఎక్కువ అదృష్టం. పరిష్కారం: వచ్చిన విలువ 30,000 లేదా అంతకంటే ఎక్కువైతే పారేసి ఇంకొకటి అడగండి. సుమారు పన్నెండుకొకటి వృథా అవుతుంది, అయితే ఏమిటి? పరిధి చెబితే నంబరిచ్చే ఫంక్షన్ మీ భాష లైబ్రరీలో ఉంటే, సొంత శేషాలు మానేసి దాన్నే వాడండి.

బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు అని ఒకటి విడిచి ఒకటి వస్తుంటే, పాతకాలపు జనరేటర్ నుంచి చివరి బిట్ తీసుకుంటున్నారు. రెండు ఘాతాన్ని పరిధిగా పెట్టుకుని గుణకారంతో నడిచే ఆ జనరేటర్లలో చివరి బిట్ రెండడుగులకోసారి తిరిగొస్తుంది. పై బిట్లు తీసుకోండి, లేదా జనరేటర్‌ను మార్చండి. రహస్యాల సంగతి పక్కన పెడితే, మార్చమని నేను చెప్పే ఒకే ఒక్క సందర్భం ఇది.

లక్షణం: షఫుల్ చేస్తే కొన్ని వరుసలే ఎక్కువగా వస్తున్నాయి

కారణం: ప్రతి ముక్కనూ మొత్తం పేకలో ఎక్కడో ఒకచోటి ముక్కతో మార్చడం. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. మూడు ముక్కలతో చేసి చూడండి: మూడు అడుగులు, అడుగుకు మూడు దారులు, మొత్తం 27. మూడు ముక్కల వరుసలు 6. ఇరవై ఏడును ఆరుకు సమానంగా పంచలేం, కాబట్టి మూడు వరుసలకు అయిదేసి, మూడింటికి నాలుగేసి దారులు పడతాయి. సార్టింగ్‌కు ర్యాండమ్ పోలిక ఇవ్వడం ఇంతకంటే దారుణం. 2010లో ఐరోపాలో మైక్రోసాఫ్ట్ చూపించిన బ్రౌజర్ ఎంపిక తెరలో వరుసలు సమానంగా రాకపోవడానికి కారణం అదే.

పరిష్కారం: ఫిషర్, యేట్స్ 1938లో కాగితం మీద చెప్పిన పద్ధతికి 1964లో డర్స్టన్‌ఫెల్డ్ ఇచ్చిన కంప్యూటర్ రూపం. చివరి ముక్కను తనతో సహా మొత్తంలో ఒకదానితో మార్చి, దాన్ని ముట్టుకోకుండా, మిగిలినవాటితో అదే పని చేయడం. ఇండెక్స్ ఎంచుకునేటప్పుడు ప్రస్తుత స్థానాన్ని కూడా కలపాలి. అది వదిలేస్తే ఏ ముక్కా తన చోట మిగలదు.

లూపు సరిగ్గా రాసినా సీడ్ చిన్నదైతే లాభం లేదు. 32 బిట్ల సీడ్‌తో సుమారు 429 కోట్ల వరుసలే సాధ్యం. రమ్మీలో చేతికొచ్చే 13 ముక్కలకే 622 కోట్ల వరుసలున్నాయి! 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్‌లో సీడ్ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు. రోజుకు 8.64 కోట్లే ఉంటాయి కాబట్టి, పరిశోధకులు సర్వర్ గడియారంతో సరిచూసుకుని, కనబడిన ముక్కలను బట్టి మిగతా పేకంతా చెప్పేశారు.

లక్షణం: ఒకే కూపన్ కోడ్ ఇద్దరికి వెళ్ళింది

చాలాసార్లు ఇది బగ్గు కాదు. ఆరంకెల కోడ్‌లు పది లక్షలున్నాయి కదా అని నిశ్చింతగా ఉంటాం. కానీ సుమారు 1,180 కోడ్‌లు పంచేసరికే ఏవో రెండు ఒకటయ్యే అవకాశం సగానికి సగం. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే లెక్కే ఇదీ. డేటాబేస్‌లో ఆ కాలమ్‌ను యూనిక్ చేసి (ఒకే విలువ రెండోసారి పడనివ్వకుండా), ఢీకొంటే కొత్తది తీయండి, లేదా కోడ్ పొడవు పెంచండి.

లక్షణం: ఓటీపీని, పాస్‌వర్డ్ మార్చే లింకును ఎవరో ముందే ఊహిస్తున్నారు

పైవన్నీ తప్పులు. ఇది ప్రమాదం. కోడ్ చూసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న: ఈ నంబరు ముందే తెలిస్తే ఎవరికైనా లాభమా? అవును అయితే మామూలు జనరేటర్ ఎంత గొప్పదైనా పనికిరాదు. పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్ వెనకున్న మెర్సెన్ ట్విస్టర్ అనే జనరేటర్ వరుస తిరిగి మొదలవడానికి పట్టే అడుగుల సంఖ్యలో 6,002 అంకెలుంటాయి. అయినా దాని నుంచి వరుసగా 624 పూర్తి నంబర్లు చూసినవాడు తర్వాతివన్నీ చెప్పేయగలడు. అంకగణితం బాగుంటే రహస్యం కూడా బాగుంటుందనుకోవడమే ఇక్కడి పొరపాటు.

సీడ్ బలహీనమైతే ఎంతటివాళ్ళూ దొరికిపోతారు. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ సమాచారాన్ని దాచే రహస్య కీలను సమయం, ప్రాసెస్ సంఖ్యల నుంచి పుట్టిస్తోందని బర్క్‌లీ విద్యార్థులు గోల్డ్‌బర్గ్, వాగ్నర్ బయటపెట్టారు. 2006లో డెబియన్ అనే లినక్స్ రకం వాళ్ళు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ కోడ్‌లో చేసిన మార్పు వల్ల సీడ్‌లో ప్రాసెస్ సంఖ్య తప్ప దాదాపు ఇంకేమీ మిగలలేదు. ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలే. 2008 మే దాకా ఆ సంగతి బయటపడలేదు.

పరిష్కారం: పైథాన్‌లో సీక్రెట్స్ మాడ్యూల్, జావాలో సెక్యూర్‌ర్యాండమ్, బ్రౌజర్‌లో మ్యాథ్.ర్యాండమ్ బదులు క్రిప్టో.గెట్‌ర్యాండమ్‌వాల్యూస్, పీహెచ్‌పీ 7 నుంచి ర్యాండమ్_ఇంట్. వీటికి మీరు సీడ్ ఇవ్వకండి, అవే తెచ్చుకుంటాయి. ఓటీపీ విషయంలో ఇంకొకటి: ఆరంకెలను ఎన్నిసార్లైనా ప్రయత్నించనిస్తే ఏ జనరేటరూ కాపాడదు. అయిదారు తప్పులకు తలుపు మూసేయండి.

ఇలా మార్చాక పాత లినక్స్ సర్వర్ మీద ప్రోగ్రామ్ లేవడానికి నిమిషాలు పడుతుంటే, అది ర్యాండమ్ బైట్లిచ్చే డెవ్/ర్యాండమ్ అనే ఫైలు దగ్గర ఆగిపోయింది. అలా ఆగకుండా ఇచ్చే డెవ్/యుర్యాండమ్ నుంచి చదివించండి. 2020లో వచ్చిన కెర్నల్ 5.6 నుంచి బూటింగ్ పూర్తయ్యాక ఆ ఆగడం లేదు.

లక్షణం: లాటరీ సక్రమంగానే తీశాం, ఎవరూ నమ్మడం లేదు

మా అపార్ట్‌మెంట్‌లో రెండో ఆదివారం ఎదురైన సమస్య ఇదే. కుర్రాడు సీడ్ లైను చేర్చాడు, ఫలితాలు మారుతున్నాయి. పెద్దాయన ఒక్క మాటే అడిగారు: "నువ్వు ఇంట్లో పదిసార్లు నడిపి, నీకు నచ్చింది తేలేదని మాకెలా తెలుస్తుంది బాబూ?"

కారణం: సీడ్ ఎవరికీ కనబడదు. రహస్యాలకు అది కావాలి, అందరి ముందూ తీసే లాటరీకి అదే శత్రువు. ఇక్కడ సీడ్ ముందుగా ఎవరికీ తెలియకూడదు, తర్వాత అందరికీ తెలియాలి.

పరిష్కారం: ఫ్లాట్ల జాబితాను, షఫుల్ కోడ్‌ను శుక్రవారమే నోటీసు బోర్డులో అంటించాం. ప్రోగ్రామ్‌ను జావాకు మార్చాం. అక్కడి పాత ర్యాండమ్ క్లాసు ఏ సూత్రంతో నడవాలో డాక్యుమెంటేషన్‌లోనే ఖాయం చేశారు కాబట్టి, ఒకే సీడ్ ఇస్తే ఏ కంప్యూటర్‌లోనైనా అదే వరుస వస్తుంది. ఆదివారం రెండో అంతస్తు బామ్మగారి గవ్వల డబ్బా తెచ్చి, పన్నెండుమంది చేత తలా ఒకసారి వేయించాం. ఎన్ని వెల్లకిలా పడితే అది ఒక అంకె, మొత్తం పన్నెండంకెల సీడ్. గవ్వలు సమానంగా పడవని పైన నేనే చెప్పాను. సీడ్ అలా పడనవసరం లేదు, ముందుగా ఎవరూ చెప్పలేకపోతే చాలు.

పెద్దాయనకు పిల్లర్ పక్కనున్న ఇరుకు స్థలం వచ్చింది. ఇంటికెళ్ళి మనవడి లాప్‌టాప్‌లో అదే సీడ్‌తో రెండుసార్లు నడిపించి చూసుకున్నారట. సాయంత్రం వాచ్‌మన్‌ను వెనక నిలబెట్టి, కారును అంగుళం అంగుళంగా అందులోకి ఎక్కించారు.