బుడాపెస్ట్ గాంబిట్: బంటు ఇచ్చి వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

చదరంగంలో మీవి నల్ల పావులు. తెల్ల డీ4, మీరు గుర్రం ఎఫ్6. తెల్ల సీ4, మీరు ఈ5. ఆట మొదట్లోనే బంటుని ఎర వేసే బుడాపెస్ట్ గాంబిట్ అంటే ఇదే. బంటుని ఊరికే పారేసినట్టు కనిపిస్తుంది. కానీ అది దానం కాదు, చేబదులు. ఇవ్వడం ఎవరికైనా వచ్చు. వసూలు చేసుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు.

కావలసినవి: ఒక బోర్డు, ఒక నోటు పుస్తకం, లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో ఒక ఖాతా. ఏ ఆరంభ ఎత్తుని ఎంతమంది ఆడారో చూపే అక్కడి ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో రేటింగ్ ఫిల్టర్‌ని మీ స్థాయికి పెట్టుకోండి. గ్రాండ్‌మాస్టర్ల ఆటలు చూసి బెంబేలెత్తొద్దు. ఆదివారం కూకట్‌పల్లి టోర్నీలో మీ ఎదుట కూర్చునేది అర్జున్ ఎరిగైసి కాదు. 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిసే ఇంక్రిమెంట్‌తో 20 ఆటలు ఆడండి. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్‌లో కొత్త ఓపెనింగ్ నేర్చుకోకూడదు, అంతే.

రెండో ఎత్తు చూడకుండా ఈ5 ఆడేయకండి. మన దగ్గర కోచింగ్ పిల్లలు చాలామంది లండన్ సిస్టమ్ ఆడతారు. వాళ్లు బిషప్‌ని ఎఫ్4లో పెట్టాక అలవాటుగా ఈ5 తోస్తే అదే బిషప్ బంటుని తినేస్తుంది, మీకు దక్కేదేమీ ఉండదు. సీ4 పడితేనే ఈ గాంబిట్‌కి అర్థం. ఆ బంటు ముందుకు వెళ్లిపోయింది కాబట్టి బీ4 నుంచి మీ బిషప్ ఇచ్చే చెక్‌ని సీ3లో బంటు పెట్టి ఆపలేరు. సీ4 రాకపోతే జీ6 ఆడుకోండి.

తెల్ల ఈ5 బంటుని తిన్నాక మీ గుర్రం జీ4కి. ఈ4కి పంపే ఫజరోవిచ్ పద్ధతి కూడా ఉంది, మొదట్లో దాని జోలికి వెళ్లొద్దు. ఇక్కణ్ణుంచి మూడు దారులు.

నాలుగో ఎత్తుగా ఈ4 వస్తే గుర్రంతో ఈ5 తినేయండి, బాకీ తీరింది. ఎఫ్4తో తరిమితే ఆ గుర్రాన్నే సీ6కి తెచ్చి, బిషప్‌ని సీ5లో నిలపండి. ఎఫ్ బంటు కదిలింది కాబట్టి ఆ బిషప్ సూటిగా జీ1ని చూస్తుంది, తెల్ల రాజు ఆ వైపు క్యాజిల్ చేయలేడు.

గుర్రం ఎఫ్3 వస్తే బిషప్ సీ5, తెల్ల ఈ3, మీ రెండో గుర్రం సీ6. ఈ5 మీద మీవి రెండు పావులు, కాపలా ఒక్కటే. బంటుని తీసుకుని క్యాజిల్ చేసి, ఎఫ్8 ఏనుగుని ఈ8కి తెచ్చి, ఏ5 ఆడండి. తర్వాత రెండో ఏనుగు ఏ6కి ఎక్కి, ఆరో వరుస వెంట హెచ్6కి పోతుంది. అది దాటేదాకా డీ7 బంటుని ముట్టుకోవద్దు. సీ8 బిషప్‌కి దారిద్దామని చేయి దానంతటదే డీ6కి పోతుంది. పోయిందంటే ఏనుగు ఏ6లోనే ఇరుక్కుంటుంది.

అసలు చిక్కు మూడో దారిలో, బిషప్ ఎఫ్4. మీరు గుర్రం సీ6, తెల్ల గుర్రం ఎఫ్3, మీరు బీ4లో బిషప్‌తో చెక్. తెల్ల బీ1 గుర్రాన్ని డీ2లో అడ్డుపెడితే మీ మంత్రి ఈ7కి. ఏ3 అని బిషప్‌ని బెదిరిస్తే కంగారుపడి వెనక్కి తీయొద్దు, జీ4 గుర్రంతో ఈ5 తినండి. ఇప్పుడు బిషప్‌ని తింటే గుర్రం డీ3లో చెక్‌మేట్. ఈ2 బంటు దాన్ని తినలేదు, మీ మంత్రి దాన్ని రాజుకి కట్టేసింది. దీన్నే కీనింజర్ ట్రాప్ అంటారు.

ఈ ఉచ్చు కోసమే ఓపెనింగ్ నేర్చుకునేవాళ్లు ఇక్కడే మునుగుతారు. తెలిసినవాళ్లు గుర్రాలు మార్చుకుని ఈ3 ఆడతారు. దాంతో మేట్ బెదిరింపు పోయింది, మీ బిషప్ ఇంకా దెబ్బలోనే ఉంది. వెంటనే డీ2 గుర్రాన్ని చెక్‌తో తినండి, మంత్రి తిరిగి తిన్నాక డీ6 ఆడండి. గుర్రం ఎఫ్3 దారిలో ముట్టుకోవద్దన్న బంటే ఇక్కడ తప్పనిసరి. అక్కడ ఏనుగుకి దారి కావాలి, ఇక్కడ ఈ5 గుర్రానికి ఆసరా కావాలి, సీ5 తోపుకి అడ్డు కావాలి. ఆ తర్వాత క్యాజిల్, బీ6, బిషప్ బీ7. తెల్లకి రెండు బిషప్‌లు, మీకు గట్టి కోట. కంప్యూటర్ ఇంజిన్ తెల్లకి కొంచెం ఎక్కువిస్తుంది, ఇవ్వనీయండి. డీ4కి జవాబుగా మొదటి ఎత్తులోనే ఈ5 ఆడే ఎంగ్లండ్ గాంబిట్‌లో ఇంతపాటి ఆసరా కూడా ఉండదు. ఉచ్చు పేలకపోతే చేతిలో మిగిలేది ఒక బంటు తక్కువ.

బీ4 చెక్‌కి డీ2లో కాక గుర్రాన్ని సీ3లో అడ్డుపెడితే మాత్రం బిషప్‌తో తినేసి మంత్రిని ఈ7కి తేవాలి. తెల్ల మంత్రి డీ5కి వచ్చి బంటుని కాస్తే ఎఫ్6 ఆడండి. అది తింటే మీ గుర్రం ఎఫ్6లో తిరిగి తింటూనే మంత్రి మీద పడుతుంది. ఇక్కడ చేబదులు రాదు, బదులుగా తెల్లకి సీ వరుసలో జంట బంట్లు, మీకు చురుకైన పావులు. 1918లో బెర్లిన్‌లో ఆ కాలపు మేటి ఆటగాడు రూబిన్‌స్టీన్ మీద మరో మేటి విద్మార్ ఈ దారినే 24 ఎత్తుల్లో గెలిచాడు.

నోటు పుస్తకంలో గెలుపోటములకంటే ముందు, బంటు ఏ ఎత్తులో తిరిగొచ్చిందో రాయండి. ఈ4 మీద 4వ ఎత్తు, గుర్రం ఎఫ్3 మీద 6, డీ2లో అడ్డుపెట్టినప్పుడు 7. పదో ఎత్తుకీ రాలేదంటే, సీ3 దారి కాని పక్షంలో, ఆ ఆటని మళ్లీ బోర్డు మీద పెట్టి చూడండి.